ఎల్ఎల్ఆర్ చేతికి రాకముందే స్టీరింగ్ పట్టుకోవచ్చా?

ఇంటర్ పరీక్షలు అయిపోయాక ఈ శీర్షికకు డ్రైవింగ్ ఉత్తరాలు వరస కడతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువమంది ఒకే సందేహాన్ని రకరకాలుగా అడిగారు: ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు) కోసం పెట్టే రాత పరీక్ష పాసయ్యేదాకా బండి ముట్టుకోకూడదా అని. అందుకే ఈ సంచికలో స్థలమంతా దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయికి మొన్ననే 18 నిండాయి. ఎల్ఎల్ఆర్ పరీక్షకు వచ్చే వారం స్లాట్ దొరికింది. ఈలోపు తెల్లారుజామున, జనం తిరగని టైములో, మా ఇంటి వెనక వెంచర్ రోడ్లలో నేను పక్కన కూర్చుని కారు నేర్పించొచ్చా? నాకు లైసెన్సు వచ్చి ఇరవై ఏళ్లయింది. – ఒక పాఠకుడు, కావలి

జవాబు: వద్దండీ, వారం ఆగండి. మీ ఇరవై ఏళ్ల లైసెన్సు మీవాడికి అక్కరకొచ్చేది అతని చేతిలో ఎల్ఎల్ఆర్ ఉన్నప్పుడే.

లైసెన్సు లేనివాళ్లు బహిరంగ స్థలంలో మోటారు బండి నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. నేర్చుకునేవాళ్లకు మాత్రం 1989 కేంద్ర నిబంధనల్లోని 3వ నిబంధన ఒక సందు వదిలింది. ఆ సందులో దూరాలంటే మూడూ ఉండాలి: చెల్లుబాటులో ఉన్న ఎల్ఎల్ఆర్, అదే రకం బండికి లైసెన్సు ఉండి బండిని ఆపగలిగే చోట కూర్చున్న మనిషి, ముందూ వెనకా ఎల్ బోర్డు. మీ దగ్గర రెండోది ఉంది, మూడోది ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. మొదటిది లేనప్పుడు ఆ రెండూ ఉన్నా చట్టం దృష్టిలో మీవాడు లైసెన్సు లేకుండా కారు నడుపుతున్నట్టే.

మన దగ్గర రాత పరీక్ష అనేది ఎల్ఎల్ఆర్‌కు గుమ్మం లాంటిది. అది దాటితేనే ఎల్ఎల్ఆర్ పుడుతుంది. కాబట్టి 'రాత పరీక్ష కంటే ముందు రోడ్డు మీద ప్రాక్టీసు' అనే మాటకు మన చట్టంలో చోటే లేదు.

ఇక వెంచర్ రోడ్డు సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. ప్లాట్లు అమ్మినాయన గేటు పెట్టాడు, రాళ్లు పాతాడు, ఇంకా ఇళ్లు లేవలేదు, కాబట్టి అది ప్రైవేటు స్థలం అనుకుంటారు. అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లను, పార్కు స్థలాన్ని గిఫ్ట్ డీడ్ రాసి పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగిస్తారు. ఆ రోజు నుంచి అవి ఊరి రోడ్లే. చట్టం కూడా బహిరంగ స్థలమంటే తారు రోడ్డనో సిమెంటు రోడ్డనో చెప్పలేదు. జనానికి వెళ్లే హక్కున్న ప్రతి చోటూ అందులోకే వస్తుంది. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే కాలేజీ గ్రౌండు, మైపాడు బీచ్, పెన్న ఇసుక తిన్నెలు, అన్నీ ఈ లెక్కలోవే. పెన్నలో ఇంకో తలనొప్పి కూడా ఉంది: ఇసుకలో కొత్తవాళ్లు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ టైరు గుంట తవ్వుకుని కూరుకుపోతుంది. లాగడానికి మళ్లీ ట్రాక్టర్ పిలవాలి.

పట్టుబడితే ఎంత? నడిపినవాడికి 181వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. బండి యజమానిగా ఇచ్చిన మీకు 180వ సెక్షన్ కింద ఇంకో 5,000, దానికీ అదే జైలు మాట. అయితే జరిమానాకంటే భయపడాల్సింది ఇన్సూరెన్సుకు. మీ పాలసీ కాగితం చివర 'డ్రైవర్స్ క్లాజ్' అని ఓ చిన్న పేరా ఉంటుంది, తీసి చదవండి. లైసెన్సు ఉన్నవాళ్లు నడపొచ్చు. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు కూడా నడపొచ్చు, కాకపోతే 3వ నిబంధన పాటించి ఉండాలి అని అందులో రాసి ఉంటుంది. అబ్బాయి కారు తీసుకెళ్లి పాలవాడి బండికి తగిలించాడనుకోండి. మీ కారు రిపేరు ఖర్చు కంపెనీ ఇవ్వదు. పాలవాడికి కోర్టు వేసిన పరిహారం ముందు కంపెనీ చేత కట్టించి, ఆ తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోమనే అవకాశం ఉంది. పరిహారం లక్షల్లో ఉంటే ఆ లక్షలూ మీవే.

ఈ వారం అబ్బాయికి కారు ఇంటి ఆవరణలోనే అలవాటు చేయండి, ఇంజను ఆపి ఉంచి. అదెలాగో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మాకు రెండెకరాల సొంత పొలం, దాన్నానుకుని రొయ్యల గుంటలు ఉన్నాయి. అక్కడ ఎల్ఎల్ఆర్ లేకపోయినా నేర్చుకోవచ్చని మా బావ అంటాడు. నిజమేనా? – ఒక పాఠకుడు, అల్లూరు

జవాబు: మీ బావ చెప్పింది చట్టం వరకు నిజం. చుట్టూ కంచె ఉండి, ఊళ్లో వాళ్లు అడ్డదారిగా వాడని మీ పట్టా పొలం బహిరంగ స్థలం కాదు. అయితే కారు అక్కడికి చేరేదాకా, తిరిగి ఇంటికొచ్చేదాకా లైసెన్సు ఉన్నవాళ్లే నడపాలి. పుంత దారిలో నాలుగడుగులే కదా అని స్టీరింగ్ ఇచ్చేయకండి. ఇంకోటి: చట్టం పొలంలో ఊరుకున్నా పాలసీ ఊరుకోదు. కారు గట్టు దిగి బోల్తా పడితే, లైసెన్సు లేని మనిషి నడిపాడన్న కారణంతో క్లెయిము ఆగిపోతుంది. మనిషికి దెబ్బ తగిలితే పోలీసు కేసుకు పొలమా రోడ్డా అన్న తేడా లేదు.

గుంట గట్ల మీద మాత్రం వద్దు. పైకి గట్టిగా కనిపించే గట్టు అంచు నీటి పక్క నుంచి తడిసి లోపల మెత్తగా ఉంటుంది. కారు బరువు ఒక పక్క చక్రాల మీద పడగానే అంచు జారుతుంది. గట్టు మీద తిప్పుకోవడానికి చోటుండదు కాబట్టి వెనక్కి రావడమే దారి. కొత్తవాళ్లకు అన్నిటికంటే చేతకానిది ఆ రివర్సే.

కోత అయిన మడి బాగానే ఉంటుంది కానీ ఎండుగడ్డి, కొయ్యకాళ్లు మోకాలెత్తున ఉన్నచోట ఆపకండి. కారు కింద సైలెన్సర్ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ విపరీతంగా వేడెక్కుతుంది. ఎండుగడ్డి దానికి ఆనితే అంటుకుంటుంది. మన నెల్లూరు ఎండలకు అది నిమిషాల పని. గడ్డి తీసేసి చదును చేసిన ముక్క చూసుకోండి, అరెకరం చాలు. బావి గానీ, మోటారు షెడ్డు గానీ, కరెంటు స్తంభం గానీ దగ్గర్లో ఉండకూడదు. పిల్లల్ని, మేకల్ని అటు రానివ్వకండి.

మొదటి పాఠం ఇంజను ఆపే. సీటు సంగతి ముందు తేల్చుకోవాలి: క్లచ్ పూర్తిగా నేలకు తొక్కినప్పుడు ఎడమ మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు బారజాపితేగానీ అందకపోతే సీటు ముందుకు జరపాలి. తర్వాత క్లచ్ తొక్కి పట్టుకుని, గేరు రాడ్ వైపు చూడకుండా ఒకటి, రెండు, మూడు, మళ్లీ రెండు, న్యూట్రల్ అంటూ ఓ యాభైసార్లు. ఇంజను ఆపి ఉన్నప్పుడు రెండు మూడుసార్లు బ్రేకు తొక్కాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. బ్రేకు పోయిందని కంగారుపడక్కర్లేదు; ఇంజను తిరుగుతుంటేనే బూస్టర్ సాయం ఉంటుంది. స్టీరింగ్ కూడా అంతే, నిలబెట్టి బలవంతంగా తిప్పకండి.

రెండో పాఠం హాఫ్ క్లచ్. ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ జోలికి పోకుండా, ఎడమ మడమ నేలకు ఆనించి, క్లచ్‌ను అంగుళం అంగుళంగా వదలాలి. ఒక చోట ఇంజను శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొద్దిగా ఒణుకుతుంది. అక్కడ కాలు ఆపి 'ఒకటి, రెండు' లెక్కపెడితే కారు తనంతట తనే నత్తలా కదులుతుంది. పదిసార్లు ఆపి, పదిసార్లు కదిలించాలి. బండి కుదుపుతో ఆగిపోయిందంటే ఆ బిందువు దాటి కాలు గబుక్కున వదిలేసినట్టు. ఎక్కువమందికి ఇది మడమ గాల్లో ఉండటంవల్ల జరుగుతుంది. గాల్లో ఉన్న కాలికి అంగుళాల లెక్క తెలియదు. కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు వేడెక్కిందని. ఆపేసి పావుగంట వదిలేయండి, వాసన వస్తున్నా ఇంకొక్కసారి అనుకుంటే ప్లేటు ఖర్చు మీద పడుతుంది.

బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కేయడం కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు. ఇది కూడా మడమ గొడవే. కుడి మడమ బ్రేకు పెడల్ ఎదురుగా నేలకు ఆనాలి, యాక్సిలరేటర్‌కు ముందరి పాదం మాత్రమే పక్కకు తిరగాలి. కాలు మొత్తం ఎత్తి అటూ ఇటూ మార్చేవాళ్లు కంగారులో కాలు ఎక్కడ ఉందో మర్చిపోయి, ఉన్నదాన్నే గట్టిగా తొక్కుతారు.

అడ్డం పెట్టడానికి ఇటుకలు, రాళ్లు వాడకండి, కారు అడుగు తగులుతుంది. సగం ఊక నింపిన గోనె సంచులు మేలు. రెండున్నర మీటర్ల ఎడంలో రెండు వరసలు పెట్టి మధ్యలోంచి ముందుకు, తర్వాత వెనక్కి. వెనక్కి చక్కగా వచ్చినవాళ్లు రేపు డ్రైవింగ్ పరీక్షలో హెచ్ ఆకారపు ట్రాక్ దగ్గర తడబడరు.

ప్రశ్న: ఎల్ఎల్ఆర్ పరీక్షలో 11 మార్కులకే ఆగిపోయాను. డిగ్రీ చదివి ఇందులో ఫెయిలయ్యానని ఇంట్లో నవ్వుతున్నారు. ఎలా చదవాలి? – ఒక పాఠకురాలు, సింగరాయకొండ

జవాబు: నవ్వేవాళ్లను కూర్చోబెట్టి ఓ మాక్ టెస్టు రాయించండి, ఇంట్లో మీకంటే తక్కువ తెచ్చుకునేవాళ్లు తేలతారు. 20 ప్రశ్నల్లో 12 రావాలి. మీరు ఒక్క బోర్డు గుర్తుకు దూరంలో ఆగారు. తెలుగులోనే రాయొచ్చు. మళ్లీ పరీక్ష ఫీజు కేంద్ర నిబంధనల ప్రకారం 50 రూపాయలు, సర్వీసు చార్జీలు అదనం.

గుర్తులను బట్టీ పట్టేముందు ఆకారం చూడండి. గుండ్రం అంటే ఆజ్ఞ, త్రికోణం అంటే హెచ్చరిక, పలక అంటే సమాచారం. ఆజ్ఞల్లో రెండే వేరే ఆకారంలో ఉంటాయి: ఎనిమిది మూలల 'స్టాప్', తలకిందుల త్రికోణం 'దారి ఇవ్వు'. చిక్కంతా జంట గుర్తులతో. నీలం మీద ఎర్ర గీత ఒకటే అడ్డంగా ఉంటే పార్కింగ్ వద్దని. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆగనే వద్దని. నీలం గుండ్రంలో తెల్ల బాణం అంటే అటే తిరగాలి. ఎర్ర అంచు గుండ్రంలో బాణానికి అడ్డగీత ఉంటే అటు తిరగకూడదు. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు ఎక్కువ. రైలు గేటులో, కంచె లాంటి బొమ్మ ఉంటే కాపలా ఉన్న గేటు, రైలింజను బొమ్మ ఉంటే కాపలా లేనిది.

కాపలా లేని గేటు గురించి ఓ ప్రశ్న దాదాపు ఖాయం. బ్రాడ్‌గేజ్ లైన్లలో అలాంటి గేట్లన్నీ 2019 జనవరికల్లా ఎత్తేశారు, మన విజయవాడ – గూడూరు లైన్లో మీరు ఎంత వెతికినా కనపడదు. అయినా జవాబు రాయాలి: బండి ఆపాలి, బండిలో ఉన్నవాళ్లు ఒకరు దిగి పట్టాల దాకా నడిచి రెండు వైపులా చూడాలి, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి.

మన రోడ్డు అలవాటు ఒకటి చెబితే పుస్తకం ఇంకోటి చెప్పే ప్రశ్నలే మార్కులు తినేస్తాయి. రౌండానా దగ్గర ఎవరికి దారి? కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి. (మన సెంటర్లలో ఎవరి హారన్ పెద్దదైతే వాళ్లకి.) ఎడమ నుంచి ఓవర్‌టేక్ ఎప్పుడు? ముందు బండి కుడికి తిరుగుతానని సిగ్నల్ ఇచ్చినప్పుడు. ఘాట్ రోడ్డులో ఎదురుపడితే ఎవరు ఆగాలి? దిగేవాళ్లు, ఎక్కే బండికి దారివ్వాలి. ప్రమాదం జరిగితే? దెబ్బతిన్నవాళ్లను దగ్గర్లోని ఆస్పత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. మద్యం హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. చూపించాల్సిన కాగితాలు: లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి.

ప్రశ్న: ఎల్ఎల్ఆర్ వచ్చింది. స్కూటీ మీద ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్లొచ్చా? కారుకు పక్కన మా అమ్మ కూర్చుంటే సరిపోతుందా? ఆమెకు టూవీలర్ లైసెన్సు ఉంది. – ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: కారుకు మీ అమ్మగారు సరిపోరు. పక్కనున్నవాళ్లకు ఆ రకం బండికే లైసెన్సు ఉండాలి.

స్కూటీ సంగతి: ఎల్ఎల్ఆర్‌తో ఊళ్లో ఒంటరిగా తిరిగేవాళ్లు కోకొల్లలు. నిబంధన మాత్రం నేర్పేవాళ్లు వెంట ఉండాలనే అంటుంది, వెనక కూర్చోబెట్టుకోదగ్గది కూడా వాళ్లను మాత్రమే. ఫ్రెండ్‌ను ఎక్కించుకుని ఆఫీసుకు వెళ్లడం రెండు విధాలా తప్పు. మామూలు రోజుల్లో ఎవరూ అడగరు, ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఇదే. ఎల్ఎల్ఆర్ కూడా లైసెన్సేనని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్‌సింగ్ కేసులో చెప్పింది కాబట్టి, షరతులు పాటిస్తే మీకు భయం లేదు.

కారులో పక్కనున్నవాళ్లు ముందు సీట్లోనే ఉండాలి, వెనక సీట్లో కునుకు తీస్తే కుదరదు. చేయి హ్యాండ్ బ్రేకు మీద, బొటనవేలు దాని బటన్ నొక్కి ఉంచి. అప్పుడు లాగినా లివర్ పైన పట్టేసి ఉండిపోదు, అవసరమైనంత లాగి వదలొచ్చు. అది వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి వేగంలో ఒక్కసారిగా లాగితే కారు తోక తిప్పుతుంది, 20 కి.మీ. లోపే పనికొచ్చే ఆయుధం. హ్యాండ్ బ్రేకు బదులు స్విచ్ ఉండే కొత్త కార్లు మొదటి నెలకు అంత అనువు కాదు. డ్రైవింగ్ స్కూలు కారు మంచిదనేది ఇందుకే, అందులో నేర్పేవాళ్ల కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది. స్కూల్లో చేరితే 21 రోజుల శిక్షణలో చక్రం మీ చేతిలో ఉండాల్సింది 10 గంటలకు తక్కువ కాకూడదు. రోజుకు పది నిమిషాలు నడిపించి, పక్కవాళ్ల వంతు చూస్తూ వెనక కూర్చోబెట్టేచోట ఈ లెక్క అడగండి.

ఎల్ బోర్డు: తెల్ల పలక ప్రతి పక్కా 18 సెం.మీ. తగ్గకూడదు. ఎర్ర అక్షరం ఎత్తు 10, అడుగు వెడల్పు 9, మందం 2 సెం.మీ. బజార్లో అరచేయంత స్టిక్కర్లు అమ్ముతారు, అవి ఈ కొలతకు రావు. అట్ట మీద తెల్ల కాగితం అంటించి ఎర్ర టేపుతో మీరే చేసుకోవచ్చు. వెనక అద్దం మీద పెడితే రివర్సులో చూపుకు అడ్డం రాకుండా ఓ మూలకు పెట్టండి. స్కూటీకి కూడా ముందూ వెనకా ఉండాలి.

మొదటి పది రోజులు మినీ బైపాస్ వైపు, హైవే వైపు పోకండి. ఎల్ఎల్ఆర్‌తో హైవే ఎక్కకూడదని చట్టంలో లేదు. కానీ లారీ దాటినప్పుడు వచ్చే గాలి తోపుకు స్టీరింగ్ కదిలితే సర్దుకోవడం పదో రోజుకు రాదు.

ప్రశ్న: మా తమ్ముడు పదిహేడేళ్లవాడు. పొలంలో ట్రాక్టర్ బాగా దున్నుతాడు. పొగాకు తోలడానికి ట్రక్కు కట్టి పంపొచ్చా? – ఒక పాఠకుడు, టంగుటూరు

జవాబు: పొలంలో దున్నడం వేరు, రోడ్డు వేరు. గట్టు దాటి రోడ్డెక్కితే ట్రాక్టర్ కూడా మోటారు వాహనమే, 18 నిండాలి, ఎల్ఎల్ఆర్ కావాలి. నేర్పడానికి మడ్‌గార్డ్ మీద కూర్చోకండి. అక్కడ్నుంచి జారితే పడేది పెద్ద చక్రం కిందే, పైగా బ్రేకు కూడా అందదు. ట్రక్కు కట్టి రివర్సు తీయడం కారు రివర్సుకు తలకిందులు. ట్రక్కు కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. అది ఖాళీ ట్రక్కుతో పొలంలోనే నేర్వాలి.

ప్రశ్న: మా పాపకు 16. పదహారుకే ఎల్ఎల్ఆర్ ఇస్తారని షోరూంలో చెప్పారు. ట్యూషన్‌కు స్కూటీ కొనివ్వచ్చా? – ఒక తల్లి, ఆత్మకూరు

జవాబు: షోరూంలో సగమే చెప్పారు తల్లీ. 16 ఏళ్లకు, పెద్దల రాతపూర్వక అంగీకారంతో, గేర్లు లేని 50 సీసీ లోపు బండికే ఎల్ఎల్ఆర్ ఇస్తారు. మీకు చూపించిన స్కూటీ 110 సీసీయో 125 సీసీయో అయి ఉంటుంది, ఆర్సీలో 'క్యూబిక్ కెపాసిటీ' అని ఉన్నచోట చూడండి. ఆ ఎల్ఎల్ఆర్‌తో ఈ బండి నడిపితే లైసెన్సు లేనట్టే లెక్క.

మైనర్ల విషయంలో 2019 సవరణ చాలా కఠినంగా ఉంది. 199ఎ సెక్షన్ కింద శిక్ష తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి: మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పాపకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ట్యూషన్ దూరానికి ఇంత పందెం కాయడం దండగ.

బ్యాటరీ బండ్లలో 250 వాట్ల లోపు, గంటకు 25 కి.మీ. దాటనివి చట్టం ప్రకారం మోటారు వాహనాలే కావు, లైసెన్సు అక్కర్లేదు. కొనేటప్పుడు ఒకటి గమనించండి: 'ఓ వైరు పీకితే 45 పోతుందండీ' అని అమ్మేవాళ్లు ఆశ పెడతారు. వైరు పీకిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, లైసెన్సు కావాల్సిన బండి అవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఎం.ఎస్. చేస్తోంది. అక్కడ థియరీ పరీక్ష రాయకుండానే కారు నేర్చుకుంటున్నానని చెబుతోంది. చట్టం తప్పుతోందేమోనని మా భయం. – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: భయపడకండి, అక్కడి పద్ధతే అది. బ్రిటన్‌లో ప్రొవిజనల్ లైసెన్సుకు పరీక్ష లేదు. ఆన్‌లైన్లో 34 పౌండ్లు కట్టి, వయసు, నివాసం, కంటిచూపు షరతులు తీరితే కార్డు ఇంటికొస్తుంది. కారుకు 17 నిండాలి, ఆ దేశంలో కనీసం 185 రోజులు ఉండే అనుమతి ఉండాలి. కార్డు చేతికి వచ్చిన రోజు నుంచే రోడ్డు మీద ప్రాక్టీసు చేయొచ్చు. థియరీ పాసయ్యేదాకా చేయలేనిది ఒకటే, ప్రాక్టికల్ పరీక్షకు తేదీ తీసుకోవడం. మన దగ్గర గుమ్మం దగ్గరున్న పరీక్షను వాళ్లు నడవ మధ్యలో పెట్టుకున్నారన్నమాట. అమెరికాలో చాలా రాష్ట్రాలది మళ్లీ మన పద్ధతే, రాత పరీక్ష పాసైతేనే పర్మిట్.

అయితే అమ్మాయిని ఒక మాట అడగండి: పక్కన ఎవరు కూర్చుంటున్నారు? పక్కనున్నవాళ్లకు 21 దాటాలి, పూర్తి లైసెన్సు వచ్చి మూడేళ్లు కావాలి. ఆ లైసెన్సు బ్రిటన్‌దో, యూరోపియన్ యూనియన్‌దో, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టయిన్‌లలో ఒకదానిదో అయి ఉండాలి. ఒంగోల్లో పదేళ్లు కారు నడిపిన సీనియర్ విద్యార్థి మన లైసెన్సుతో పక్కన కూర్చుంటే చెల్లదు. మన పిల్లలు కాలు జారేది ఇక్కడే. తగిన మనిషి పక్కన లేకుండా నడిపితే 1,000 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్సు మీద ఆరు పాయింట్ల వరకు పడతాయి. ఆ పాయింట్లు తర్వాత ఇన్సూరెన్సు ధర పెంచుతాయి.

రెండోది ఇన్సూరెన్సు. స్నేహితుల కారు వాడుతుంటే ఆ కారు మీద అమ్మాయి పేరు లెర్నర్‌గా ఎక్కి ఉండాలి, లేదా తనే విడిగా లెర్నర్ పాలసీ తీసుకోవాలి. కారుకు ముందూ వెనకా ఎల్ ప్లేట్లు తప్పనిసరి, వేల్స్‌లో అయితే డి ప్లేట్లు కూడా చెల్లుతాయి. మోటార్‌వే మీదికి 2018 జూన్ నుంచి లెర్నర్లను అనుమతిస్తున్నారు, కానీ గుర్తింపు పొందిన శిక్షకుడితో, రెండు వైపులా పెడల్స్ ఉన్న కారులోనే. స్నేహితులతో కుదరదు.

థియరీలో 57 నిమిషాల్లో 50 ప్రశ్నలు, 43 రావాలి. తర్వాత వీడియో క్లిప్పులు 14 చూపిస్తారు, రోడ్డు మీద ప్రమాదం ముంచుకొచ్చేది కనిపెట్టగానే క్లిక్ చేయాలి, 75కి 44 రావాలి. రెండూ ఒకేసారి పాసవ్వాలి. ఫీజు 23 పౌండ్లు. పాసైన సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుంది, ఆలోపు ప్రాక్టికల్ కాకపోతే మళ్లీ రాయాలి. కాబట్టి కొంత నడిపాక రాయడమే తెలివి. రోడ్డు మీద చూసిన రౌండబౌట్ ప్రశ్నలో కనిపిస్తే జవాబు దానంతటదే వస్తుంది, క్లిప్పుల్లో అయితే మరీ.

ఇక్కడే తీసుకున్న పూర్తి లైసెన్సు ఆమెకు ఉంటే, అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు దాంతోనే నడపొచ్చు, పక్కన ఎవరూ అక్కర్లేదు. మన ఎల్ఎల్ఆర్ మాత్రం అక్కడ కాగితం ముక్కే.

ప్రశ్న: ఎల్ఎల్ఆర్ నెల్లూరులో తీసుకుని చెన్నైలో ఉద్యోగంలో చేరాను. అక్కడ ప్రాక్టీసు చేయొచ్చా? మళ్లీ వచ్చి పరీక్షకు ఎప్పుడు నిలబడాలి? – ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: చేయొచ్చు, ఎల్ఎల్ఆర్ దేశమంతా చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాత, ఆరు నెలలు ముగిసేలోపు డ్రైవింగ్ పరీక్షకు రండి. ఆరో నెల దాకా లాగకండి. ఫెయిలైతే మళ్లీ నిలబడటానికి ఏడు రోజులు ఆగాలి, మూడుసార్లు ఫెయిలైతే 60 రోజులు. చివరి వారంలో వచ్చి ట్రాక్ మీద కాలు కింద పెట్టారంటే ఎల్ఎల్ఆర్ గడువు కూడా దాంతోపాటే పోతుంది.